ఎర్ర గీత రాకపోతే అంతా బాగున్నట్టే

ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా కొత్తగా చేరారా? శుభం. జీతం ఆలస్యంగా పడుతుందని బెంగపెట్టుకోకండి, పని కూడా దానికి తగ్గట్టే చెయ్యొచ్చు. పైనుంచి వారానికోసారి "డేటా క్వాలిటీ, డేటా క్వాలిటీ" అని జూమ్ మీటింగులో ఒకటే గోల వినబడుతుంది. వీడియో ఆపేసి, మైకు ఆపేసి, మధ్యమధ్యలో "యస్ సర్" అని చాట్‌లో కొడుతూ ఉండండి. గోదావరి జిల్లాల్లో పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రి దాకా ఈ సీట్లో కూర్చుని బతికి బట్టకట్టినవాళ్ల అనుభవసారం కింద ఇస్తున్నాం.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కించుకోండి. మనం ఎక్కించింది నిజమా అబద్ధమా అని కంప్యూటరు చూడదు. కాలమ్ నిండిందా, పది అంకెలు ఉండాల్సిన చోట పది ఉన్నాయా, ఇంతే చూస్తుంది. నిండకపోతే ఎర్ర గీత. నిండితే పచ్చ టిక్కు. పై ఆఫీసు దాకా వెళ్లేది ఆ టిక్కే.

1. ఫోన్ నంబరు అడగకండి. లంకలోంచి వచ్చిన ముసలమ్మని నంబరు చెప్పమంటే, "నాకెక్కడిది బాబూ, ఫోను మా అమ్మాయి దగ్గరుంది, అదేమో కువైట్‌లో ఉంది" అంటుంది. అక్కణ్ణుంచి అమ్మాయి కష్టాలు మొదలవుతాయి. ఇటు ఓపీ లైను గేటు దాకా పెరుగుతుంది. తొమ్మిది మీద వేలు పెట్టి, పది వచ్చేదాకా తియ్యకండి. ఇది మనం కనిపెట్టింది కాదు, దేశమంతా నడిచిన బాట. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూడండి. ఆయుష్మాన్ భారత్ బీమా పథకంలో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులకి ఒకటే మొబైల్ నంబరు, పది తొమ్మిదులు. ఎనిమిదుల అభిమానులు కూడా 1.39 లక్షల మంది తేలారు. దానికి కేంద్రం ఇచ్చిన జవాబు ఫ్రేము కట్టించి మీ టేబులు మీద పెట్టుకోండి: లబ్ధిదారుణ్ని నిర్ధారించుకోవడానికి ఫోన్ నంబరుతో పనిలేదట. పనిలేనిదాన్ని అడగడం దేనికండీ? రేపు ఆవిడ కళ్లె పరీక్షలో టీబీ ఉన్నట్టు తేలితే ఆ పది తొమ్మిదులకే ఫోన్ కొట్టండి. ఎవరూ ఎత్తరు. "సంప్రదించాం, అందుబాటులో లేరు" అని రిమార్కులో రాయండి. ఆ కాలమ్ కూడా నిండింది.

2. పాత రికార్డు వెతక్కండి, కొత్తది పుట్టించండి. అన్నవరం సత్యదేవుడి దయవల్ల మన వైపు వీధికి ఇద్దరు సత్యనారాయణలు, ఓ సత్యవతి, ఓ సత్తిబాబు. ద్వారకా తిరుమల వైపు వెళ్తే వెంకటేశ్వరరావులూ వెంకటలక్ష్ములూ. ఇంగ్లీషులో సత్యవతికి హెచ్ అక్షరం ఒకచోట పెట్టొచ్చు, రెండుచోట్ల పెట్టొచ్చు, అసలు పెట్టకపోవచ్చు. ఇంటిపేరు ముందో వెనకో, పుట్టింటిదో అత్తింటిదో, ఆధార్ తీసిన రోజున అక్కడ కూర్చున్నవాడి దయ. ఇన్ని రకాలుగా ఎవరు వెతుకుతారు? "న్యూ రిజిస్ట్రేషన్" నొక్కండి.

ఒకే సత్యవతికి నాలుగు రికార్డులయ్యాయనుకోండి. ఒకదాంట్లో షుగరుంది. రెండోదాంట్లో పెన్సిలిన్ పడదని ఉంది. మూడోదాంట్లో గర్భసంచి తీసేశారు. నాలుగోదాంట్లో ఏడోనెల. డాక్టరుగారికి ఏది తెరుచుకుంటే ఆవాళ్టికి ఆవిడ అదే. మన లెక్కలో మాత్రం కొత్త పేషెంట్లు నలుగురు, జిల్లా డ్యాష్‌బోర్డులో మన సెంటరు పైకి. ఈ తికమక తీర్చడానికే 14 అంకెల ఆభా నంబరు వచ్చిందని ట్రైనింగులో చెబుతారు. వినండి, తలూపండి. ఆభా కావాలంటే మామూలుగా ఓటీపీ కావాలి, ఓటీపీ ఫోనుకొస్తుంది, ఫోను కువైట్‌లో ఉంది.

ధైర్యం ఉన్నవాళ్లకి ఇంకో మెట్టుంది. ఇద్దరు సత్యనారాయణలు కనబడితే ఒకే రికార్డులో కలిపెయ్యండి. ఒకాయన రక్తం బి పాజిటివ్, రెండో ఆయనది ఓ నెగెటివ్. తరవాత ఎక్కించిందే నిలుస్తుంది. డూప్లికేట్లు తగ్గించారని మెచ్చుకోలు కూడా రావచ్చు.

3. పుట్టినతేదీ అందరికీ జనవరి 1. వయసు "అరవయ్యో డెబ్బయ్యో" అంటే అరవై అయిదు.

4. జిల్లా కాలమ్‌లో లిస్టు తెరుచుకోగానే మొదట ఏది కనబడితే అది నొక్కండి. తప్పుపట్టే మొనగాడు లేడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పుగోదావరిలోంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. పశ్చిమంలోంచి ఏలూరు విడిపోయింది. గోదావరికి పడమటి గట్టునున్న కొవ్వూరేమో తూర్పుగోదావరిలోకి వచ్చి కూర్చుంది. అమలాపురం మనిషి 2021 రికార్డు ఒక జిల్లాలో, 2023 రికార్డు ఇంకో జిల్లాలో. ఊరు అక్కడే ఉంది, మనిషీ అక్కడే ఉన్నాడు. రాజమండ్రినైతే మూడు రకాల స్పెల్లింగులతో ఎక్కించొచ్చు, కంప్యూటరు దృష్టిలో అవి మూడు ఊళ్లు. డెంగ్యూ కేసులు పదిహేను వచ్చాయా? ఊరికి అయిదు చొప్పున పంచండి, ఎక్కడా గగ్గోలు ఉండదు.

వీధి పేరు, డోరు నంబరు కూడా వదిలెయ్యండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు ఎవరిది ఏ వీధి, ఏ నీళ్లు తాగారు అన్నవే ముఖ్యమైపోయాయి. రక్తంలో సీసం, నికెల్ తేలాయని ఎయిమ్స్ చెప్పేదాకా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుంది. అలాంటిది రోజూ రాదు కదా. వచ్చిన రోజున చూసుకుందాం.

5. బీపీ చూడకుండానే బీపీ రాయడం ఈ వృత్తిలో అసలైన కళ. కొత్తవాళ్లు అందరికీ 120/80 కొడతారు. నలభైమంది వరసగా 120/80 ఉంటే గుడ్డివాడికీ అనుమానం వస్తుంది. కాస్త తెలిసినవాళ్లు 130/90, 140/80 తిప్పుతారు. అదీ దొరుకుతుంది. డిజిటల్ మిషనుతో నిజంగా కొలిస్తే చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఇంచుమించు సమానంగా పడుతుంది. ఊహించి రాసేవాడి చెయ్యి సున్నా మీదకి, అయిదు మీదకి పోతుంది. గణాంకాలవాళ్లు ఆ చివరి అంకెలు లెక్కపెట్టి కూర్చుంటారు, పనిలేక. అందుకని 117/73, 126/84, 131/79 లాంటివి ఓ కాగితం మీద ముందే రాసి పెట్టుకుని వరసగా దింపండి. నిజానికి పట్టీ కట్టి బటన్ నొక్కితే ఇంతకంటే తొందరగా అయిపోతుంది, కానీ అప్పుడు కుర్చీలోంచి లేవాలి.

పిల్లల బరువు విషయంలో ఇంత కష్టం కూడా అక్కర్లేదు. అందరికీ 10 కేజీలు. పారాసిటమాల్ కేజీకి 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకట్టి ఇస్తారు కాబట్టి, ఎత్తుకొచ్చిన ఆరు కేజీల పసిదానికీ, బయట గోళీలాడుతున్న పద్దెనిమిది కేజీలవాడికీ ఒకటే 150 మిల్లీగ్రాములు. ఒకరికి తగ్గదు, ఒకరికి ఎక్కువవుతుంది. సగటు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రాసేవాళ్లని చూసి నేర్చుకోమని ఓ పెద్దాయన అంటూంటారు. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ముప్పావు అడుగు దగ్గర కూడా బేరం లేదు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదారి విరుచుకుపడినప్పుడు కూడా ఆ మనుషులు అంకె చదివి అంకే రాశారు. వాళ్ల చాదస్తం మనం పట్టుకుంటే సాయంత్రం అయిదున్నర బస్సు దొరకదు.

6. సున్నాకీ ఖాళీకీ తేడా పాటించకండి. ప్రతి నెలా హెచ్‌ఎంఐఎస్ అనే ఆరోగ్యశాఖ పోర్టల్‌లో సెంటరు లెక్కలు ఎక్కించాలి. 2008 నుంచీ ఉన్న బాధే. "బాలింత మరణాలు" అన్న చోట, విచారించి ఒక్కటీ లేదని తేల్చుకుంటే సున్నా వెయ్యాలి, సమాచారం రాకపోతే ఖాళీ వదలాలి. మీరు విచారించకుండా సున్నా వెయ్యండి. నివేదికలో రెండూ ఒకేలా మెరుస్తాయి. కాన్పులు 42, బీసీజీ టీకాలు 51 అని పడి ఎర్ర గీత వచ్చిందా? కంగారు వద్దు. ఏ అంకె మార్చడం తేలికో అది మార్చండి. తొమ్మిదిమంది పిల్లలు పక్క ఊళ్లోంచి వచ్చారేమో, అసలు కాన్పులే తప్పు ఎక్కాయేమో అని ఏఎన్‌ఎమ్‌గారికి ఫోన్ చేస్తే ఆవిడ నాలుగు రిజిస్టర్లు పట్టుకొచ్చి మీ ముందు కూర్చుంటారు.

7. ఇక బోదకాలు. మన డెల్టాలో ఈ పని చేసేవాడికి ఇంతకంటే పెద్ద బడి లేదు. మురుగు కాలవలు, నిలవనీళ్లు, క్యూలెక్స్ దోమలు, మూడూ సమృద్ధిగా ఉన్న నేల. బోదకాలు మీద శిక్షణకీ పరిశోధనకీ కేంద్రం రాజమండ్రిలోనే ఓ శాఖ పెట్టింది. 2004 నుంచి ఇంటింటికీ మాత్రల కార్యక్రమం ఏటా నడిచింది. ముందు డీఈసీ, తరవాత దానికి ఆల్బెండజోల్ తోడు.

ఇందులో కిటుకు ఏమిటంటే, మాత్ర ఇవ్వడం వేరు, మింగించడం వేరు. జబ్బు అంటుకోవడం ఆగాలంటే మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగాలి, అదీ ఏటా. అందుకే కళ్లముందు మింగించమంటారు. మీరు మాత్రం గుమ్మంలోంచే ఇంటికెన్నో లెక్కకట్టి చేతిలో పోసి రండి. ఇంటాయన "ఆయ్, అన్నం తిన్నాక వేసుకుంటామండీ" అంటారు. ఆ మాత్రలు దేవుడి పటం వెనక్కి వెళ్తాయి. మీరు "మింగినవారు" కాలమ్‌లో ఇంట్లో ఉన్న తలకాయలన్నీ వేసెయ్యండి. ఒకే ఒక్క జాగ్రత్త: ఊరి జనాభాకంటే మింగినవాళ్లు ఎక్కువ కాకూడదు. 97 శాతం దగ్గర ఆపితే నమ్మకంగా ఉంటుంది.

రాత్రి రక్తపరీక్ష ఇంకా సుఖం. బోదకాలు పురుగు పిల్లలు మన దగ్గర పగలంతా లోపలే దాక్కుని రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. అందుకే రాత్రి ఎనిమిది దాటాక, అర్ధరాత్రి లోపు వేలు గుచ్చి తియ్యమని నియమం. చీకట్లో, కుక్కల మధ్య, నిద్రపోయేవాళ్లని లేపి వేళ్లు గుచ్చడం పెద్దమనుషులు చేసే పనేనా? సాయంత్రం నాలుగింటికి టీ తాగి అయిదుకల్లా తీసేయండి. కంప్యూటర్లో టైము 21:15 అని కొట్టండి. స్లైడు మీద ఒక్క పురుగూ కనబడదు. అన్నీ నెగెటివే! ఇక్కడ పురుగు కూడా మనతో సహకరిస్తోంది. ఊళ్లో జబ్బు పోయిందని నివేదిక, పై ఆఫీసు నుంచి అభినందన.

కొన్నాళ్లకి బళ్లో ఆరేడేళ్ల పిల్లలకి ఇంకో పరీక్ష పెడతారు. ఆ కిట్‌కి పగలూ రాత్రీ ఒకటే, లోపల పురుగుంటే గీత పడిపోతుంది. ఆ రోజు సెలవు పెట్టండి.

8. ల్యాబులో రోజూ పొద్దున పేషెంట్ల నమూనాల కంటే ముందు కంట్రోల్ సీరం పెట్టాలంటారు. విలువ ముందే తెలిసిన నమూనా అది. మిషను దాన్ని సరిగ్గా చదివితేనే మిగతావి నమ్మాలి. ఆ విలువని లెవీ-జెన్నింగ్స్ చార్టులో చుక్కగా పెడతారు. చుక్క గీతలు దాటితే మిషను ఆపి కారణం వెతకాలి. కంట్రోల్ సీసా ఖరీదు, అది ఫ్రిజ్‌లోంచి తీసి కరిగేదాకా కూర్చోవడం విసుగు. నెలకోసారి పెట్టండి. మిగతా రోజుల చుక్కలు మధ్యగీతకి కొంచెం పైన, కొంచెం కింద, మీ చేత్తోనే వేసుకోండి. చుక్కలన్నీ మధ్యగీత మీదే పెట్టి పట్టుబడిన ఆశాపరులున్నారు, అలా చెయ్యకండి. షుగరు 110 ఉన్నాయనకి 190 వస్తే మందు రెట్టింపవుతుంది, మర్నాడు కళ్లు తిరిగి పడిపోతాడు. కళ్లు తిరిగినందుకు మళ్లీ పరీక్ష రాస్తారు, ల్యాబుకి పని పెరుగుతుంది.

9. రిపోర్టులు టైపు చెయ్యకండి, పాతది తెరిచి పేరు మార్చండి. స్కానింగు రిపోర్టులో మీసాల మనిషికి "గర్భసంచి నార్మల్" అని వస్తే తప్పేముంది? నార్మల్ అనే కదా రాశాం.

10. మందు ఎక్కించేటప్పుడు "ఈ పేషెంటుకి ఇది పడదు", "ఈ రెండు మందులూ కలవకూడదు" అని డబ్బాలు తెరమీదకి దూకుతుంటాయి. చదవకండి. ఓకే నొక్కండి. మౌసు బాణం ముందే ఓకే మీద నిలబెట్టుకుంటే అది కనబడే లోపే మాయమవుతుంది. వాటిలో నూటికి తొంభై పనికిరానివే అని సాఫ్ట్‌వేరు రాసినవాళ్లే మనకి అలవాటు చేశారు, మిగతా పదీ చదవకపోవడం మన వంతు. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ మిషను ఇలాగే "మాల్‌ఫంక్షన్ 54" అని చూపించేది. అలాంటి మాటలు రోజూ వస్తూండేవి కాబట్టి ఆపరేటర్లు పి అక్షరం నొక్కి ముందుకు పోయేవారు. ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ పడింది, వారిలో కొందరు పోయారు. లోపం సాఫ్ట్‌వేరుదని తేల్చారు. గమనించారా? నొక్కినవాడిది కాదు.

11. పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి. డాక్టరుగారి లాగిన్‌తో మీరు, మీ లాగిన్‌తో వాచ్‌మన్. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు చేశారో దేవుడికి కూడా తెలియకూడదు. బ్యాకప్ తియ్యమంటే డి డ్రైవ్‌లోది ఈ డ్రైవ్‌లోకి కాపీ కొట్టండి, రెండూ ఆ డబ్బాలోనే ఉంటాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. అంటే మన పీహెచ్‌సీకి వచ్చిన నష్టం ఏమీ లేదు, మనం ఇప్పటికే కాగితాల మీద నడుస్తున్నాం.

12. తనిఖీ బృందం వస్తోందని ముందే తెలుస్తుంది, ఎప్పుడూ తెలుస్తుంది. ముందురోజు రాత్రి అందరూ కూర్చుని ఆర్నెల్ల రిజిస్టర్లు ఒకే పెన్నుతో రాయకండి. మూడు పెన్నులు మార్చండి, ఒకటి సగంలో ఆగిపోయేది అయి ఉండాలి. పొద్దున దిగ్గానే పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం పులస దొరికే కాలమైతే పులస, వెళ్లేటప్పుడు కారులో ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా. భోజనం అయ్యాక రికార్డు గదిలోకి తీసుకెళ్లండి, ముందు కాదు. అక్కడ ఫ్యాను లేకపోతే ఇంకా మంచిది. వాళ్లు యాదృచ్ఛికంగా పది కేసులు తియ్యమంటారు. పైన పేర్చిన పదే ఇవ్వండి. ఎవరైనా కుర్రాడు కింద కట్టలోంచి ఒకటి లాగి, అందులో డిశ్చార్జి అయిన మర్నాడు ఆపరేషన్ జరిగినట్టు ఉందేమిటని అడిగితే, అదే కాగ్ నివేదికని గుర్తుచెయ్యండి. చనిపోయినట్టు అప్పటికే నమోదైన 3,446 మందికి ఆ తరవాత వైద్యం చేశామని 6.97 కోట్లు చెల్లించిన దేశం ఇది. మన పేషెంటు కనీసం బతికున్నాడు.

13. అన్ని చిట్కాలూ ఒకేసారి బెడిసికొట్టిన రోజున ఒక్కటే మాట: "సర్వర్ డౌన్ అండీ." కరెంటు పోయిందనకండి, ఇన్వర్టరు ఉందని తెలుసు. నెట్ స్లో అనకండి, వాళ్ల ఫోనులో వస్తోంది. సర్వరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి అది ఎప్పుడైనా డౌన్ అవ్వొచ్చు.

పోతే, ఇది మన మధ్యే ఉండనివ్వండి. మీ అమ్మగారికో నాన్నగారికో ఒంట్లో బాగోక ఆసుపత్రికి పంపాల్సొస్తే పోర్టల్‌ని నమ్ముకోకండి. రక్తం గ్రూపు, పడని మందు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు, పనిచేసే ఫోన్ నంబరు ఒకటి, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చి పంపండి. అక్కడ కౌంటర్లో కూర్చున్నవాడు కూడా ఈ చిట్కాలు చదివినవాడే.